పిట్టకు పెట్టని అన్నం

రాజక్కను మంత్రగత్తె అన్నవాళ్లందరూ ఏదో ఒక రోజు ఆమె గడప ముందు నిలబడి "జర రావే రాజక్కా" అని బతిమాలినవాళ్లే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే మా అక్క అత్తగారి ఊరివాళ్ల మనవలు ఇప్పటికీ నా దగ్గరికి వచ్చి, "మీ అక్కవాళ్ల అత్త బాణామతి చేస్తుండెనట గద" అని అడుగుతుంటారు. అడిగేవాళ్ల ముఖాల్లో భయమేమీ ఉండదు, వాళ్లకదో కాలక్షేపం. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. రాజక్క మీద నాకూ కోపముంది. మా అక్క గౌరమ్మ మంచి వయసంతా ఆమె మింగేసింది. కానీ అది మా ఇంటి కోపం, మేం పడతాం. ఆమె చేత పనులు చేయించుకుని ఆమెనే ఆడిపోసుకునేవాళ్లకు అందులో భాగం లేదు.

మా పుట్టిల్లు చాందా జిల్లా గోండ్‌పిప్రి. అక్కను ఇచ్చింది రాజురా తాలూకాలో, వార్ధా నది ఒడ్డునున్న ఒక ఊరికి. ఊరి పేరు చెప్పను. చెబితే చంద్రపూర్‌లో తుకుం పేటలోని మా ఇంటి దాకా వచ్చి నాతో పోట్లాడగలిగినవాళ్లు ఇంకా ఉన్నారు. చంద్రపూర్‌ను అప్పట్లో చాందా అనేవాళ్లం. నదికి ఇటు, అక్క ఊరున్న ఒడ్డు హైదరాబాద్ రాష్ట్రం, ఆదిలాబాద్ జిల్లా. అటు ఒడ్డు మధ్యప్రదేశ్, చాందా జిల్లా. రెండు ఒడ్లలోనూ తెలుగు మాట్లాడేవాళ్లున్నారు, జొన్నరొట్టె తినేవాళ్లున్నారు, పిల్లనిచ్చి పుచ్చుకునేవాళ్లున్నారు. సర్కార్లే వేరు. మధ్యలో నది, నది మీద పడవ.

రాజక్క పొట్టి మనిషి. నడక చురుకు, మాట తక్కువ. నుదుటి నిండా బండారి, అంటే గుడిలో ఇచ్చే పసుపు పొడి, పూసుకునేది. చంటిపిల్లలకు దిష్టి తీసేది, తాయెత్తులు కట్టేది, జ్వరమొస్తే వేపమండలతో మంత్రం వేసేది. అవన్నీ చిల్లర పనులు. ఆమె అసలు పని చావు జరిగిన ఇంట్లో ఉండేది.

మాలో మనిషి పోయిన మూడో రోజున పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, మోదుగాకుల విస్తరిలో వడ్డించి, దూరంగా నిలబడి కాకి కోసం చూస్తారు. కాకి వచ్చి ముట్టిందంటే మనిషి తృప్తిగా పోయినట్టు. రాలేదంటే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు ఇంటివాళ్లు ఒకరి తర్వాత ఒకరు విస్తరి వైపు చేతులు జోడించి, "నీ బిడ్డ పెండ్లి మేం చేస్తం", "నీ ఎడ్లను అమ్మం" అని మాటలిస్తారు. ఎన్ని మాటలిచ్చినా కాకి రాకపోతే రాజక్కకు కబురు వెళ్లేది. ఆమె వచ్చి విస్తరి పక్కన కూర్చుని, కొంగు తల మీదికి లాక్కుని, కాసేపు ఊగి, పోయినవాళ్ల గొంతుతో మాట్లాడేది. ఏం కావాలో వాళ్లే ఆమె నోట చెప్పేవాళ్లు. ఇంటివాళ్లు ఒప్పుకునేవాళ్లు. ఆ తర్వాత కాకి వచ్చేది.

లస్మయ్య పటేల్ తల్లి చనిపోయినప్పుడు ఇలాగే జరిగింది. పటేల్ పొలాల మీద, గొడ్ల మీద మాటలిచ్చాడు, కాకి రాలేదు. రాజక్క నోట ముసలమ్మ పలికి, తన వెండి కడియాలు కోడలికి కాదు, కూతురికి ఇయ్యమంది. బతికున్నన్నాళ్లు ఆ కోడలికి భయపడి బతికిన ముసలమ్మకు చచ్చాక ఎక్కడ లేని ధైర్యం వచ్చిందని ఊరంతా లోలోపల నవ్వుకుంది. పటేల్ మాత్రం ఏడ్చి, కడియాలు తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టాడు. తల్లికి తాను చేసిన మేలు అదొక్కటేనని తర్వాత అందరితో చెప్పుకునేవాడు.

ఇది మంత్రమా అని నన్ను అడిగితే, నాకు తెలిసింది చెబుతాను. రాజక్క ఏడాది పొడవునా ముసలివాళ్ల మంచాల పక్కన కూర్చునేది. వాళ్లు ఎవరికీ చెప్పుకోలేనివి ఆమెకు చెప్పుకునేవాళ్లు. ఆమె వినేది, మరిచిపోయేది కాదు. ఇంతకు మించి అందులో ఏముందో నాకు తెలియదు. కాకి ఎందుకు వచ్చేదో అంతకంటే తెలియదు.

తన ఇంట్లో చావులకు కూడా ఆమే పెట్టుకుంది. మొదట చిన్న బిడ్డ, అమ్మవారు పోసి పోయింది. తర్వాత మొగుడు దేవన్న, జ్వరంతో పోయాడు. ఇద్దరికీ విస్తరి పెట్టి వెనక్కి తిరిగేలోపే కాకి వచ్చి వాలిందట. ఊళ్లోవాళ్లు చూశావా ఎంత తృప్తిగా పోయారో అన్నారు. రాజక్కకు అది తృప్తిగా తోచలేదు. ఊరందరి తరఫునా అడిగే నోరు తనదైతే, తనవాళ్లు మాత్రం ఒక్క మాట అడక్కుండా వెళ్లిపోయారని ఆమెకు బాధ. ఆ బాధ మా అక్కతో ఎన్నోసార్లు చెప్పుకుంది. అక్క నాతో చెప్పింది.

మిగిలింది కొడుకు గట్టయ్య. నదికి భయపడి ఆమె వాడికి చిన్నప్పుడే మొలతాడుకు తాయెత్తు కట్టింది. వాడు ఎదుగుతున్నకొద్దీ తాడు మార్చి మళ్లీ కట్టేది. ఆ ముడి ఆమెకు తప్ప ఇంకొకరికి రాదు. ఎన్ని చుట్లు తిప్పుతుందో, కొస ఎక్కడ దాస్తుందో పక్కన కూర్చుని చూసినా అంతుపట్టేది కాదు. గట్టయ్యకు అక్కనిచ్చి పెళ్లి చేశారు. బావ నవ్వు మనిషి. నన్ను "ఏందే మిరపకాయా" అని పిలిచేవాడు. అక్క కాపురం చక్కగా ఏడాది కూడా సాగలేదు.

ఆ శ్రావణంలో అటు ఒడ్డు నుంచి తిరిగి వస్తున్న పడవ వరదలో బోల్తా పడింది. ఇద్దరి శవాలు ఇటు ఒడ్డునే దొరికాయి. గట్టయ్య దొరకలేదు. కొన్నాళ్లకు దిగువన, అటు ఒడ్డున ఏదో శవం తేలిందనీ, అక్కడివాళ్లు పాతిపెట్టేశారనీ పడవవాళ్లు చెప్పారు. రాజక్క ఒక్కతే పడవెక్కి అటు వెళ్లింది. సాయంత్రం తిరిగి వచ్చి, ఇంటి ముందు పోగైన జనంతో, "నా కొడుకు బతికే ఉన్నడు. అవతలి సర్కారోళ్లు ఏదో పన్ల పెట్టుకున్నరు. విడిచినంక వస్తడు" అంది. ఏం చూసి వచ్చావని ఎవరూ అడగలేదు. రాజక్కను అలా అడిగే అలవాటు ఆ ఊరికి లేదు.

పిట్టకు పెట్టలేదు. దినం చేయలేదు. అక్క బొట్టు, గాజులు అలాగే ఉన్నాయి.

మా నాన్న వెళ్లి అక్కను తీసుకొస్తానన్నాడు. మా కులంలో మారుమనువు తప్పు కాదు. మొగుడు పోయిన చిన్నపిల్లకు పెద్దలే ఇంకో సంబంధం చూస్తారు. కానీ ముందు దినం కావాలి. దినం కావాలంటే మనిషి పోయాడని ఇంటివాళ్లు ఒప్పుకోవాలి. నాన్న కులపెద్దల దగ్గర మొరపెట్టుకున్నాడు. పెద్ద ఎవరు? లస్మయ్య పటేలే. ఆయన తలవంచుకుని, "రాజక్క బతికున్నడు అన్నంక మనమెవ్వలం బావా" అన్నాడు. నాన్నకు అప్పుడు అర్థం కాలేదు, నాకు పెద్దయ్యాక అర్థమైంది. గట్టయ్య సంగతిలో రాజక్క మాట అబద్ధమైతే, తన తల్లి సంగతిలో నిజమెలా అవుతుంది? ఊళ్లో ప్రతి ఇంట్లోనూ రాజక్క సాగనంపిన మనిషి ఒకరున్నారు. వాళ్లంతా తృప్తిగా పోయారన్న నమ్మకం మీదే ఆ ఇళ్లు నిద్రపోతున్నాయి. అందుకని అందరూ కలిసి గట్టయ్యను బతికించి ఉంచారు. దానికి మూల్యం మా అక్క కట్టింది. ఆ సంగతి మాత్రం ఎవరూ తలచుకోలేదు.

మరుసటి ఏడు, యాభై ఆరులో, దీపావళి రోజుల్లో రాష్ట్రాలను విడదీసి కలిపారు. రాజురా తాలూకా ఆదిలాబాద్ నుంచి విడిపోయి, బొంబాయి రాష్ట్రంలో నాందేడ్ జిల్లాకు వెళ్లింది. అటు ఒడ్డు కూడా బొంబాయి రాష్ట్రమే అయింది. కచ్చేరీలో ఉర్దూ పోయి మరాఠీ వచ్చింది. మా గోండ్‌పిప్రిలోనైతే మొదటి నుంచీ మరాఠీయే, మా మామ ఇంట్లో కూర్చోబెట్టి నేర్పకపోతే నాకు తెలుగు అక్షరాలు కూడా వచ్చేవి కాదు. రాజక్కకు మాత్రం ఆ మార్పు శుభవార్తలా తోచింది. "ఇగ రెండొడ్లు ఒక్కటే సర్కారు. నా కొడుకును ఆపేటోళ్లు లేరు" అంది. వాడు రాలేదు. అప్పుడు "నాందేడ్ శాన దూరం. కాయిదాలు ఆడ ఆగినయేమో" అంది. ఊరంతా అవునవునని తలూపింది. సర్కారు మారిన ప్రతిసారీ ఆమెకు కొత్త సాకు దొరికేది.

ఆ మధ్యలోనే రాజం వచ్చాడు. రాజంది సాస్తి. సాస్తి అంటే ఇప్పుడు బొగ్గు గని గుర్తొస్తుంది గానీ అప్పుడు అది చేలూ చెలకలూ ఉన్న ఊరు. రాజురాకు పత్తి బండ్లు తోలేవాడు. ఒకసారి అక్క, నేను అంగడి నుంచి వస్తుంటే బండి ఎక్కించుకున్నాడు. దారి పొడుగునా ఎడ్లతోనే మాట్లాడాడు, మాతో మాట్లాడలేదు. దిగాక అక్క ఏదో ఆలోచిస్తూ, "ఆయన ఎడ్లను కొట్టడు చూసినవా" అంది. అంతే అంది. నాకు సంగతి తెలిసిపోయింది.

రాజం రెండుసార్లు రాజక్క ఇంటికి వచ్చాడు. రెండోసారి నేనక్కడే ఉన్నాను. తలపాగా తీసి పక్కన పెట్టుకుని, "పెద్దమ్మా, గౌరమ్మను నేను చేసుకుంట. నిన్ను గూడ విడిచిపెట్టం. మా ఇంటికే రా" అన్నాడు.

"మొగుడున్నదాన్ని ఎట్ల చేసుకుంటవు కొడుకా?" అంది రాజక్క. కోపంగా కాదు, నచ్చజెబుతున్నట్టు అంది.

"నేను ఆగుత పెద్దమ్మా."

"ఆగి ఏం చేస్తవు? వాడొస్తడు."

రాజం అక్క వైపు చూశాడు. అక్క గోడకు ఆనుకుని కాలి వేలితో నేల గీస్తోంది. ఆ మనిషి లేచి వెళ్లిపోయాడు. నేను అక్క మీద విరుచుకుపడ్డాను.

"బావ లేడని నీకు తెలుసు గదక్కా. ఒక్క మాట అనరాదా?"

"నాకు తెలుసు. అత్తకు తెల్వది" అంది అక్క. "ఆమె కంటె ముందు నేను ఒప్పుకుంటె ఆయనను నేనే సంపినట్టుంటది. ఆమెకు తెల్వనియ్యి. తెలిసిన్నాడు ఆమెనే పంపిస్తది."

అక్క ఆశంతా అదే. అత్తకు తెలియదు, తెలిసిన రోజున వదిలేస్తుంది. ఆ ఒక్క మాట పట్టుకుని అక్క ఎదురుచూసింది. రాజం మళ్లీ రాలేదు.

ఇంకో మూడేళ్లకు, నాందేడ్ నుంచి తీసి రాజురాను చాందా జిల్లాలో కలిపిన ఏడు నేను పత్తి ఏరడానికి అక్క దగ్గరికి వెళ్లాను. రెండు ఒడ్లూ ఒకే జిల్లా అయ్యాయి కాబట్టి నది వెంట పాత హద్దురాళ్లను చూడడానికి కచ్చేరీవాళ్లు వచ్చారు. వాళ్ల సామాను మోసుకుంటూ అటు ఒడ్డు ఊరి కోత్వాల్ బాపురావు కూడా వచ్చాడు. కోత్వాల్ అంటే ఊరికి కాపలా కాసి, చాటింపు వేసి, దిక్కులేని శవమేదైనా దొరికితే పాతిపెట్టే మనిషి. దాహమేసి మా వాకిట్లో కూర్చున్నాడు. అక్క చెంబుతో నీళ్లు తెచ్చింది. అప్పుడే రాజక్క బయటికి వచ్చింది.

"కాయ్ అక్కా, మంచిగున్నవా?" అన్నాడు బాపురావు.

రాజక్క వెనక్కి తిరిగి లోపలికి పోబోయింది.

"గుర్తు పట్టలేవా? నేను బాపురావును. నీ కొడుకు బొంద చూపించింది నేనే గద." నీళ్లు తాగి మూతి తుడుచుకున్నాడు. "నువ్వు కనవడితె చెప్దామనుకున్న. ఈ వానలకు ఒడ్డు శాన కోసుకపోయింది. ఆ బొంద వచ్చే వానకాలం దాక ఉంటదో ఉండదో. ఒక్కపారి వచ్చి చూసుకో."

"బొంద ఎప్పుడు చూపించినవు?" అని అక్క అడిగింది.

"పడవ మునిగిన వారంలనే. ఈమె ఒక్కతే వచ్చింది. తాయెత్తు సంగతి గూడ చెప్పిన. మొలతాడు విప్పుదామని చూసిన గని ఆ ముడి రాలే. అట్లనే ఉంచి పాతిపెట్టిన." అక్క ముఖం చూసి ఆయనకు ఏదో తేడాగా తోచింది. చెంబు కింద పెట్టి, కచ్చేరీవాళ్లు పిలుస్తున్నారని లేచిపోయాడు. పాపం, ఆయన తప్పేమీ లేదు.

అక్క ఆ చెంబు ఎత్తి పక్కన పెట్టింది. తర్వాత అడిగింది.

"నిజమేనా అత్తా?"

"తాయెత్తు ఎవలన్న కట్టుకుంటరు."

"నీ ముడి ఎవలేస్తరు?"

రాజక్క గడప మీద కూలబడింది. నేల చూస్తూ మాట్లాడింది.

"పిట్టకు పెడితె వాడు పోతడు గౌరీ. వాని నాయిన పోలేదా, చెల్లె పోలేదా? పెట్టంగనె పోయిండ్రు. ఇది కావాలె అమ్మా అని ఒక్క మాటన్న అడిగిండ్రా? వీడన్న ఉంటడని పెట్టలే."

"మరి నన్నెందుకు ఆపినవు?"

"నువ్వు బొట్టు పెట్టుకొని వాకిట్ల తిరుగుతుంటె వాడున్నట్టే ఉంటుండె."

అక్క ఏడవలేదు, అరవలేదు. అరిస్తే బాగుండునని నాకు అనిపించింది. ఆమె తరఫున నాకు అరవాలనిపించింది కూడా, కానీ అక్క నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి పిండి జల్లించమంది. ఇన్నేళ్లూ అత్తకు తెలియదనుకుని ఆగింది. అత్తకు మొదటి వారంలోనే తెలుసు. రాత్రి ముగ్గురం ఒకే ఇంట్లో పడుకున్నాం.

పొద్దున్నే అక్క జొన్నరొట్టెలు కాల్చింది, ఎండుచేపల పులుసు పెట్టింది. బావకు ప్రాణమైన కూర అది. మోదుగాకులతో విస్తరి కుట్టింది. ఎవరినీ పిలవకుండా, నన్ను వెంటబెట్టుకుని నది ఒడ్డుకు నడిచింది. చేతిలో విస్తరితో ఒక ఆడమనిషి ఏటికి వెళుతుంటే ఆ ఊళ్లో ఎవరికి తెలియదు ఎందుకో? మేం చేరేసరికి వెనక సగం ఊరుంది. లస్మయ్య పటేల్ కూడా వచ్చాడు. అందరికంటే వెనక, దూరంగా, రాజక్క వచ్చి ఇసుకలో కూర్చుంది.

అక్క విస్తరి పెట్టి దూరం జరిగింది. కాకులు లేక కాదు, ఒడ్డున చెట్ల మీద అరుస్తూనే ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. ఎండ ఎక్కింది. అక్క చేతులు జోడించి, "నీ అమ్మను నేను చూసుకుంట" అంది. రాలేదు. "నీ బొంద మీద మన్ను పోయిస్త" అంది. రాలేదు. అప్పుడు పటేల్ గొంతు సవరించుకున్నాడు.

"బతికున్నోని బువ్వ పిట్ట ముట్టదు బిడ్డా. రాజక్క ముందుగాలనే చెప్పింది."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో ఒక నిశ్చింత కనిపించింది. జనమంతా ఊపిరి పీల్చుకున్నట్టే ఉంది. ఆ రోజు కాకి రాకపోతే, పిట్ట కూడా సాక్ష్యం చెప్పిందంటారు. అక్క ఇక జన్మంతా గట్టయ్య పెళ్లామే. ఎవరు చేసుకుంటారు, ఏ పెద్ద ఒప్పుకుంటాడు? అందరూ రాజక్క వైపు తిరిగారు. అక్క ఒక్కతే తిరగలేదు. అడిగీ అడిగీ విసిగిన మనిషిలా నీళ్ల వైపు చూస్తూ ఉండిపోయింది.

రాజక్క లేచి వచ్చి విస్తరి పక్కన కూర్చుంది. అలవాటు ప్రకారం కొంగు తల మీదికి లాక్కుంది. జనం గుసగుసలు ఆపారు. గట్టయ్య గొంతు వినబడుతుందని, వస్తున్నానని చెబుతాడని వాళ్లంతా చెవులు రిక్కించారు. రాజక్క కాసేపు అలా కూర్చుని, కొంగు తీసేసింది. ఊగలేదు. తన గొంతుతోనే మాట్లాడింది.

"నా కొడుకు సచ్చిండు. వాని బొంద నేను ఆనాడే చూసొచ్చిన. మీకు అబద్ధం చెప్పిన. ఈ పిల్లకు గూడ అబద్ధం చెప్పిన."

పటేల్ ముఖం పాలిపోయింది. ఆయన ముందుకు వచ్చి, చిన్నపిల్లవాడిలా అడిగాడు. "మరి మా అమ్మ మాట్లాడింది?"

రాజక్క ఆయన వైపు తిరిగింది.

"మీ అమ్మ నిజంగనే అడిగింది పటేలా. అందరి అమ్మలు అడిగిండ్రు. నావోళ్లే నన్నేం అడగలే."

అది నిజమో, పటేల్ మీద జాలో నాకు తెలియదు. కాకి ఆ రోజు చివరిదాకా రాలేదు. రాజక్కే విస్తరి ఎత్తి నీళ్లలో వదిలింది. మనిషి పోయాడని ఇంటి పెద్ద నలుగురి ముందూ ఒప్పుకుంది కాబట్టి దినం అయినట్టేనని పటేల్ అన్నాడు. మంచివాడే, కానీ ఆ మాట అనడానికి అన్నేళ్లు తీసుకున్నాడు. తర్వాత ఆడవాళ్లు అక్క గాజులు పగలగొట్టడానికి వచ్చారు. రాజక్క వాళ్లను జరగమని, అక్క చేతులకు తడి చేసి, గాజులు ఒక్కొక్కటే విరగకుండా తీసింది. "మల్లేసుకుంటది" అని తన కొంగున మూట కట్టుకుంది.

ఊరికి ఆమె మీద కోపం మొదలైంది ఆ రోజు నుంచే. కోపమెందుకో వాళ్లు బయటికి చెప్పలేరు. అమ్మ నిజంగా మాట్లాడిందా, లేదా అన్న అనుమానం ఒకసారి ఇంట్లో దూరాక అది పోదు. దానికి బదులుగా బాణామతి అన్నారు. పిల్లలను ఆమె నీడ సోకనీయకుండా లోపలికి లాక్కున్నారు. చావు జరిగిన ఇళ్లకు పిలవడం మానేశారు. ఆ మాట అంటే ఇలా అవుతుందని ఆమెకు తెలియదనుకోను.

విస్తరి పెట్టిన మర్నాడు పొద్దున రాజక్క నన్ను లేపింది. "సాస్తికి పోదాం పా. రాజంను నేనే అడుగుత. కాళ్లు పట్టుకుంట" అంది. అక్క అప్పటికే చేనుకు వెళ్లిపోయింది. రాజక్క మీద అంత కోపమున్నా ఆ మాటకు నాకు ప్రాణం లేచొచ్చింది. దారంతా ఆమె ఏమేం చెప్పాలో తనలో తాను చెప్పుకుంటూ నడిచింది. తప్పంతా తనదేననీ, పిల్లది బంగారమనీ, పెళ్లి ఖర్చుకు తన వెండి అమ్ముతాననీ. ఊరందరి తరఫునా మాట్లాడిన మనిషి, మొదటిసారి తన తరఫున అడగడానికి పోతోంది.

రాజం ఇంటి ముందు ఎడ్లు లేవు. లోపలి నుంచి ఒక ఆడపిల్ల వచ్చింది. మెడలో కొత్త పుస్తెలు, నిండు కడుపు. మమ్మల్ని నీడలో కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. రాజక్క పేరు అడిగి తెలుసుకుని, ఆ పిల్ల ఎంతో సంబరపడింది.

"నువ్వేనా అవ్వా ఆ రాజక్కవు? మా ఆయన నీ గురించి చెప్తుంటడు. నాకు శాన భయమైతుంది అవ్వా, మొదటి కానుపు. ఒక్క తాయెత్తు కట్టవా?"

నాకు అక్కడి నుంచి పరుగెత్తాలనిపించింది. రాజక్క నడుముకున్న సంచిలోంచి దారం తీసింది. ఆ పిల్ల జబ్బకు చుట్టి, మంత్రం చెప్పి, తన ముడి వేసింది. "మంచిగ కంటవు బిడ్డా, భయపడకు" అంది. ఏ పని మీద వచ్చారని ఆ పిల్ల అడిగితే, "ఇట్ల పోతుంటిమి, దూపయింది" అంది. తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఒక్క మాట మాట్లాడలేదు.

మేం వచ్చేసరికి అక్క వాకిట్లో పత్తి కుప్ప ముందు కూర్చుని, పత్తికి అంటిన ఎండుటాకులు తీసేస్తోంది. చేతులు బోసిగా ఉన్నాయి. రాజక్క ఆమె ఎదురుగా కూర్చుంది.

"సాస్తికి పోయొచ్చిన గౌరీ."

అక్క ఆకులు ఏరుతూనే ఉంది.

"రాజం పెండ్లి చేసుకున్నడు."

"తెలుసు."

"తెలుసా?"

"పోయిన ఎండకాలం చేసుకున్నడు. పత్తి బండ్లోళ్లు చెప్పిండ్రు."

"తెలిసి నాతోని ఒక్క మాటన్న చెప్పకపోతివి బిడ్డా."

అక్క చేతిలోని ఆకు పక్కన పడేసి, ఇంకో గుప్పెడు పత్తి తీసుకుంది.

"చెప్పి ఏం లాభం అత్తా? ఆ పెండ్లి గూడ కాలేదనే అంటుంటివి."

రాజక్క ఏడ్చింది. బిడ్డకు, మొగుడికి, కొడుక్కి ఏడవాల్సినదంతా అప్పుడు ఏడ్చింది. అక్క ఆమెను ఓదార్చలేదు, లేచి లోపలికీ పోలేదు. పత్తి ఏరుకుంటూ పక్కనే కూర్చుంది.